మూడు తీగల ఒరోజ్‌బెక్

ఓష్ పట్టణపు పెళ్లిళ్లలో బేస్ గిటార్ వాయించే ఒరోజ్‌బెక్‌ది బానపొట్ట. గిటార్ దాని మీద చంటిపిల్లలా ఎక్కి కూర్చుంటుంది. పాట మొదలవగానే కళ్లు మూసుకుంటాడు. పులావు వాసన తగిలితేనే తెరుస్తాడు. నిరుడు నాలుగో తీగ తెగితే బద్ధకం కొద్దీ కొత్తది వేయకుండా మూడింటితోనే లాగించేశాడు. అతని గొప్పతనమంతా ఆ మూడు తీగల్లోనే ఉందనుకుని, ఊళ్లో బేస్ వాయించే కుర్రాళ్లంతా తమ నాలుగో తీగ పీకేశారు. అతని పెళ్లి కచేరీలకొచ్చి, ఎదురుగా కూర్చుని, గిటార్లు ఒళ్లో పెట్టుకుని అతని వేళ్లనే అనుకరిస్తుంటారు.

మొన్న బావమరిది రాజధాని బిష్కెక్ నుంచి కొత్త తీగ తెచ్చాడు. ఒరోజ్‌బెక్ ముచ్చటపడి బిగించి, పొద్దంతా సాధన చేసి, సాయంత్రం పెళ్లికి వెళ్లాడు.

"ఇదేంటన్నా!" ముందు వరసలోని నుర్దిన్ మొహం వేలాడేశాడు. "నువ్వూ అందరిలా అయిపోతే మా గతేం కావాలి? తీగ పీకినందుకు మా నాన్న ఎన్ని తిట్లు తిట్టాడో తెలుసా?"

"ఓరి పిచ్చోడా, ఎలా ఉంటుందో ఊరికే చూశానంతే," అంటూ ఒరోజ్‌బెక్ తీగ విప్పి జేబులో వేసుకున్నాడు.

పాట జోరందుకుంది. కళ్లు మూసుకున్న ఒరోజ్‌బెక్ వేలు, పగటి సాధన అలవాటు కొద్దీ, నాలుగో తీగ కోసం వెళ్లి ఉత్త గాలిని నొక్కింది.

ఎదురుగా రెప్ప వేయకుండా చూస్తున్న కుర్రాళ్లంతా భక్తిగా గాలిని నొక్కారు.