గట్టు మూగబోయిన రోజు

బస్టాండులో ఆమె గొంతు విననివాళ్ళు ఊళ్ళో లేరు. ముఖం తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. టికెట్ కౌంటర్ల పక్కన గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ‘జనం గొడవ చేస్తున్నారమ్మా, బస్సు దారిలో ఉందని చెప్పి పారెయ్’ అని డిపో మేనేజరు ఎన్నోసార్లు బతిమాలాడు. ‘దారిలో ఉందని మీకెవరు చెప్పారు సార్?’ అని ఆమె అడిగితే ఆయన వెళ్ళి డ్రైవరుకు ఫోను కలిపేవాడు. అందుకే ఆమె మాటంటే ప్రయాణికులకు గురి. రాదంటే రాదు, సంచీ తీసుకుని ఇంటికి పోవడమే.

ఆ గొంతు ఫుట్‌బాల్ మైదానానికి చేరడం వెనక పెద్ద కథేమీ లేదు. పదేళ్ళ కిందట ఒక ఆదివారం భర్త వెంట మ్యాచ్ చూడ్డానికి వెళ్ళింది. ఆ రోజు మైకులో చెప్పే ముసలాయనకు గొంతు పట్టేసింది. ‘మా ఆవిడ చెబుతుందిలే’ అని భర్త నలుగురిలో అనేశాడు. ఆ ఒక్క పూట సాయం పదేళ్ళు సాగింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు మరుగునపడి అందరికీ ఆమె మైకక్క అయిపోయింది. క్లబ్బు ఆమెకిచ్చేదల్లా ఒక కుర్చీ, ఒక కప్పు టీ. టీ ఎవరైనా తాగొచ్చు కానీ ఆ కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. వారమంతా ఎవరికోసమో ఎదురుచూసే జనంతో మాట్లాడి మాట్లాడి, ఆదివారం తనకోసం ఎదురుచూసే జనంతో మాట్లాడటం ఆమెకు ప్రాణం.

అక్కడ ఒక అలవాటుంది. ఆట మొదలయ్యే ముందు ఆమె నంబరు మాత్రమే పిలిచి ఆగుతుంది. ‘ఏడో నంబర్!’ అంటే, ఎదురుగా తూర్పు వైపు మట్టిగట్టు మీద నిలబడ్డ జనమంతా ఒక్క గొంతుతో ‘బుల్లెట్!’ అని అరుస్తారు. ‘నాలుగో నంబర్!’ అంటే ‘గోడ!’ అంటారు. ఆ గట్టుకు కప్పు లేదు, కుర్చీలు లేవు. ఎండొస్తే ఎండడం, వానొస్తే తడవడం. తాతలు నిలబడ్డ చోటే మనవలు నిలబడతారు. ఆ జనానికి నాయకుడు మైకక్క భర్తే. పంపులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి, గట్టెక్కాడంటే చాలు, పక్క వీధి కిటికీలు అదిరేలా కేకలు పెడతాడు. అక్కడ ఆయన పేరు బాకా.

ఈ ఏడాది గట్టు మీద క్లబ్బు పెద్దల కన్నుపడింది. ప్రెసిడెంటు కలప వ్యాపారి. చెడ్డవాడని ఎవరూ అనరు, కానీ కప్పూ కుర్చీలూ ఉంటేనే క్లబ్బుకు మర్యాద అనుకునే మనిషి. గట్టు తవ్వేసి కుర్చీల గ్యాలరీ కడతామన్నారు. గట్టు మీది వాళ్ళను మాటమాత్రం అడగలేదు. అభిమానులు మూడుసార్లు ఆఫీసుకు వెళ్తే మూడుసార్లూ సెక్రటరీయే ఎదురొచ్చి ‘చూద్దాం, చేద్దాం’ అని పంపేశాడు. ఇక జనానికి ఒళ్ళు మండింది.

శనివారం రాత్రి భోజనాల దగ్గర బాకా మెల్లిగా విషయం బయటపెట్టాడు.

“రేపు గ్యాలరీకి డబ్బు పెట్టే కంపెనీ వాళ్ళు మ్యాచ్ చూడ్డానికి వస్తున్నారట. మేమంతా గట్టు మీదే ఉంటాం. కానీ ఆట అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదని అనుకున్నాం.”

“ఆట అయ్యేదాకా మీరు నోరు మూసుకునుంటారా?” అంది ఆమె.

“ఎందుకుండడూ? ఇంట్లో ఉన్నట్టే అక్కడా ఉంటాడు” అంది అత్తగారు, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

మైకక్కకు నవ్వు రాలేదు. “ఆటగాళ్ళేం పాపం చేశారండీ? నేను నంబరు పిలిచి ఆగుతాను. మీరెవరూ పలకరు. నాకెలా ఉంటుందో ఆలోచించారా?”

“ఆలోచించాను. అందరికంటే నీకే కష్టం. అందుకే ముందు నీకు చెప్తున్నా” అన్నాడాయన.

ఆమెకు కోపం వచ్చింది. గట్టు జోలికొచ్చిన పెద్దల మీదా వచ్చింది, మౌనవ్రతం పట్టిన మొగుడి మీదా వచ్చింది. ఆ కోపంతోనే పొద్దున లేచి, ఎప్పటికంటే శుభ్రంగా తయారై మైదానానికి వెళ్ళింది.

మైదానం పక్కన మెట్ల పైనున్న మైకు రేకుల గదిలో ఆమె కంటే ముందే సెక్రటరీ ఉన్నాడు. బల్ల మీద కంప్యూటరు పెట్టి, లౌడ్‌స్పీకరు వైరు దానికి తగిలించాడు. జనం నోరు విప్పరన్న కబురు ఆయన చెవినా పడింది.

“నిరుటి ఫైనల్ రోజు జనం అరుపులు ఇందులో ఉన్నాయి. నువ్వు నంబరు పిలువు, వెంటనే ఈ బటన్ నొక్కు. అతిథులకు తేడా తెలియదు” అన్నాడు.

“అది నిరుటి అరుపు కదా సార్.”

“అరుపు అరుపే. నిరుటిదైతే ఏం, ఇవాళ్టిదైతే ఏం?”

“ఇవాళ వాళ్ళు నోరు మూసుకున్నారు. అరుస్తున్నారని నాచేత చెప్పించకండి.”

“నిన్ను చెప్పమన్నానా? బటన్ నొక్కమన్నాను.”

“రెండూ ఒకటే సార్.”

సెక్రటరీ ముఖం మాడ్చుకున్నాడు. “ఈ కుర్చీ కావాలనేవాళ్ళు చాలామందే ఉన్నారు. గుర్తుపెట్టుకో.”

ఆమె మైకు దగ్గరకు జరుపుకుంది. కిటికీలోంచి చూస్తే గట్టు నిండా జనం. ఒక్కరూ మానలేదు. “ఒకటో నంబర్!” అని పిలిచి, ఎప్పుడూ ఆగేంతసేపూ ఆగింది. గట్టు మీద చడీచప్పుడు లేదు. గోల్‌కీపరు తలెత్తి తూర్పు వైపు చూశాడు. సెక్రటరీ ఆమె మోచేతి దగ్గర నిలబడి ‘నొక్కు, నొక్కు’ అని గొణుగుతున్నాడు. ఆమె నొక్కలేదు. “రెండో నంబర్!” అంది, మళ్ళీ అంతసేపూ ఆగింది. పదకొండు మందినీ అలాగే పిలిచింది, ఒక్కరి దగ్గరా తొందరపడలేదు.

“నొక్కుతావా, దిగిపోతావా?” అన్నాడు సెక్రటరీ.

ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది. “దిగుతాను సార్. టీ చల్లారకముందే తాగండి” అని చెప్పి మెట్లు దిగిపోయింది.

అప్పటికి ఆట మొదలైంది. గోలుపోస్టు వెనక నుంచి చుట్టూ తిరిగి గట్టు దగ్గరకు వెళ్ళింది. ఆమెను చూసి అందరి కనుబొమ్మలూ లేచాయి, నోళ్ళు మాత్రం లేవలేదు. ఒకాయన తువ్వాలు ఊపి దారి ఇప్పించాడు. ఒకామె భుజం తట్టింది. బాకా పక్కకు జరిగి చోటిచ్చాడు, ఏమైందని కళ్ళతోనే అడిగాడు. ఏమైందో చెప్పాలని ఆమెకు ఎంత ఉన్నా, పెదవి విప్పలేదు. పదేళ్ళుగా ఎదురుగా చూసిన గట్టు మీద మొదటిసారి నిలబడింది. కాళ్ళ కింద మట్టి వెచ్చగా ఉంది. కుర్చీ పోయినందుకు దుఃఖం ముంచుకొచ్చింది. దాన్ని దిగమింగుకుని ఆట చూడసాగింది.

కాసేపటికి లౌడ్‌స్పీకర్లలోంచి ఒక్కసారిగా హోరు మొదలైంది. సెక్రటరీ బటన్ తానే నొక్కేశాడు. వేలమంది కేకలు, ఈలలు, చప్పట్లు. గట్టు మీద ఒక్క నోరూ తెరుచుకోలేదు. ఆటగాళ్ళు తికమకపడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ సందులో అవతలి జట్టు కుర్రాడు బంతి లాక్కుని, గోడ అనే మన నాలుగో నంబరును దాటుకుని, గోలు కొట్టేశాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్లో నిరుటి ఫైనల్ గోలు పడింది. ‘గోల్!’ అంటూ లౌడ్‌స్పీకర్లు పగిలిపోయేలా మోగాయి. మన మీద పడిన గోలుకు మన మైదానమే ఎగిరి గంతేసినట్టయింది. పాపం ఆ కుర్రాడు ఇదంతా తనకే అనుకుని, గట్టు వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

మొదట నవ్వింది బాకాయే. ఆపుకోలేక పొట్ట పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత గట్టంతా నవ్వింది. వ్రతమూ లేదు, గితమూ లేదు. రెఫరీ కూడా విజిల్ నోట్లో పెట్టుకోలేక అటు తిరిగాడు. సెక్రటరీకి దాన్ని ఆపడం తెలియలేదు. లౌడ్‌స్పీకర్లలో నిరుటి జనం ‘మా గట్టు, మా జట్టు’ అని పాడటం మొదలుపెట్టారు. అతిథులు ప్రెసిడెంటు వైపు చూశారు. ప్రెసిడెంటు ముఖం కందగడ్డయింది. ఆయనే లేచి, మెట్లెక్కి, వైరు పీకేశాడు.

విరామంలో ఆయన ఒక్కడే మైదానం దాటి గట్టు దగ్గరకు వచ్చాడు. ఏదో అన్నాడు కానీ ముందు వరుస తప్ప ఎవరికీ వినపడలేదు. “గట్టిగా చెప్పండి!” అని వెనక నుంచి కేకలు. ఆయన మైకక్క వైపు తిరిగాడు.

“అమ్మా, నా మాట నువ్వు చెప్పు. ఈ సీజన్‌లో గట్టు జోలికి రామని చెప్పు.”

“ఈ సీజన్‌లోనేనా?”

“తర్వాత సంగతి తర్వాత చూద్దాం.”

“సరే, ఆ ముక్క కూడా కలిపి చెప్తాను. చెప్పమంటారా?”

గట్టు మీద వందల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. బాకా ఏదో అనబోతే భార్య వేలు చూపించింది, టక్కున నోరు మూసుకున్నాడు.

“నేను కప్పు వేయిద్దామనుకున్నానమ్మా. మీరు తడవకుండా.”

“మమ్మల్ని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాళ్ళం కదండీ, తడుస్తామని.”

ప్రెసిడెంటు గట్టును ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, “గట్టు ఉంటుంది. ఈ ఏడాదే కాదు. అలాగే చెప్పు” అన్నాడు.

ఆమె జనం వైపు తిరిగి, ఊపిరంతా పీల్చుకుని, “గట్టు ఉంటుంది! ఈ ఏడాదే కాదు!” అని చెప్పింది. ఆ తర్వాత లేచిన అరుపులో ప్రెసిడెంటు చెవులు మూసుకున్నాడు.

“ఇక పైకి రామ్మా, సగం ఆట మిగిలుంది” అన్నాడాయన.

“వస్తాను. ముందు సెక్రటరీ గారిని నా కుర్చీలోంచి లేవమనండి.”

ప్రెసిడెంటు తానే వెళ్ళి లేపాడు. మైకక్క చేతిసంచీ పక్కన పెట్టి, మైకు దగ్గరకు జరుపుకుని, గొంతు సవరించుకుంది.

“స్కోరు చెబుతున్నాను. వాళ్ళు ఒకటి. మనం సున్నా.”

గెలిచిన రోజు కూడా గట్టు అంత గట్టిగా అరవలేదు.