వక్క అయిపోయేదాకా

మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ల్యాబ్ సార్ ఆదివారం పొద్దున పోయారు. తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. గుండెపోటట. ఆ నిమిషంలో నాకు ముందు గుర్తొచ్చింది సార్ కాదు, ఆయన దగ్గరున్న నా హార్డ్ డిస్కు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నడుస్తున్న కంప్యూటర్ నుంచి ఆయన ఏ డిస్కునూ ఊరికే పీకేవారు కాదు. తీసేస్తున్నానని ముందు కంప్యూటర్‌కు చెప్పి, చొక్కా జేబులోంచి ఒక వక్కపలుకు తీసి నోట్లో వేసుకునేవారు. అది నమలడం అయ్యాకే వైరు మీద చెయ్యి. రీసెర్చ్ స్కాలర్లమంతా నవ్వేవాళ్లం.

"ఇప్పుడన్నీ నడుస్తుంటెనే తీయొచ్చు గద సార్?" అని ఒకసారి అడిగాను.

"తీయొచ్చు బిడ్డా. కానీ లైటు మిణుకుతున్నదంటె అది ఇంకా రాస్తున్నట్టు. రాసేటోని చేతులకెల్లి నోట్‌బుక్ గుంజుతమా?"

నేను గుంజాను. మౌలాలి బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో, లైటు మిణుకుతుండగానే. ఆ ఊపుకి డిస్కు బల్ల మీంచి కింద పడింది. అందులో మా నాయనమ్మ పాడిన వరినాట్ల పాటలున్నాయి. ఫోన్ నిండిపోయిందని వాటిని డిస్కులోకి మార్చి ఫోన్‌లోవి చెరిపేశాను. ఇంకో కాపీ లేదు. నాయనమ్మ కూడా లేదు.

సార్ తిట్టినా బాగుండేది. డిస్కును చేతిరుమాల్లో చుట్టుకుని, "చూద్దాం, ఏడ్వకు" అని ఇంటికి తీసుకెళ్లారు.

మూడో రోజు తార్నాకలో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. ఆంటీ నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లారు. కంప్యూటర్ నడుస్తూనే ఉంది. దానికి తగిలించిన నా డిస్కు గరగరమంటోంది, లైటు మిణుకుతోంది.

"మీ సారు శనివారం పెట్టిండు. గప్పటికెల్లి నడుస్తనే ఉన్నది. బంద్ చెయ్యాల్నా బిడ్డా?"

పాటల్ని వెనక్కి తీసే పనే అది. దెబ్బతిన్న డిస్కు, నడిస్తే అరిగిపోవచ్చు. ఆపితే మళ్లీ లేవకపోవచ్చు. ఇలాంటివి అడగడానికి మాకున్నది ఆయనొక్కరే.

"నాకు తెల్వదు ఆంటీ" అన్నాను. స్విచ్ దాకా పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నాకు గూడ చెయ్యి రాలే. ఆయన షురూ చేసిన పని గిదొక్కటే మిగిలింది."

గదంతా ఊడ్చి ఉంది. వైరు చుట్టూ మాత్రం దుమ్ము అలాగే ఉంది. కీబోర్డు పక్కన, పని అయ్యాక వేసుకుందామని సార్ తీసి పెట్టుకున్న వక్కపలుకు.