ఆఖరున తినే మనిషి

విశాఖ వన్‌టౌన్‌లో కరీం బాషా కుట్టిన పరుపుల మీద సగం పేట నిద్రపోతుంది కానీ, ఆయన భార్య షరీఫున్నీసా పగటిపూట నడుం వాల్చగా చూసిన వాళ్లు లేరు. ఇంటిల్లిపాదీ తిన్నాకే ఆవిడ కంచం ముందు కూర్చుంటుంది. అప్పటికి అన్నం చల్లారిపోయి, కూరగిన్నె అడుగు కనిపిస్తూ ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు. చెప్పి చెప్పి బాషా నోరు నొప్పెట్టింది.

అందుకే కూతురు ఫాయిజా ముచ్చటపడి అక్కణ్నుంచే బయల్దేరే క్రూయిజ్ ఓడకు టికెట్లు కొనిచ్చినప్పుడు ఆయన ఒక్కటే కోరుకున్నాడు. ఒక్క పూటైనా భార్య తన పక్కన కూర్చుని వేడివేడిగా తినాలి.

రెండో రోజు ఎటు చూసినా నీళ్లే. ఓడ ఎక్కడా ఆగదు, చెయ్యడానికి పనీ లేదు. బాషా డెక్ మీద పడక్కుర్చీలో కాళ్లు బారజాపాడు. గాలి కమ్మగా ఉంది.

"నువ్వు ముందెళ్లి మంచి సోటు సూడు, నానొచ్చేత్తాను" అని భార్యను భోజనాల హాలుకు పంపాడు. పంపి, ఏం ఘనకార్యం చేశాడయ్యా అంటే, గుర్రుపెట్టి నిద్రపోయాడు!

ఉలిక్కిపడి లేచి పరిగెత్తేసరికి హాలు ఖాళీ. పనివాళ్లు గిన్నెలు లోపలికి మోసుకుపోతున్నారు. షరీఫున్నీసా మాత్రం ఖాళీ ప్లేటు పట్టుకుని గోడవార నిలబడి ఉంది.

"తిన్నావా?" అన్నాడు బాషా.

"ఎలా తింతానండీ? అందరూ తినేసాక తిందారని సూత్తన్నాను. జనం వత్తానే ఉన్నారు. ఇప్పుడేమో మూసేత్తన్నారు."

ఓడ మొత్తానికీ తనే ఇల్లాలు అనుకుంది పిచ్చి తల్లి! బాషాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే తన నిద్ర మీద తనకే ఒళ్లుమండింది.

సాయంత్రం టీ వేళ పొగలు కక్కే పకోడీలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ప్లేటును ఆయన వైపు జరిపింది. ఆయన మళ్లీ వెనక్కి నెట్టాడు.

"ముందు మీరు తినండి."

"ఇయాల ఆఖర్న తినేది నాను. పొద్దున్నించీ ఏటీ తినలేదు. నువ్వు తినకపోతే ఇలాగే కూకుంటాను."

భర్త ఆకలితో ఉంటే ఆవిడ ప్రాణం నిలవదు. ఆ సంగతి తెలిసే బాషా మొండికేశాడు. షరీఫున్నీసా గబుక్కున ఒక పకోడీ నోట్లో వేసుకుంది. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"ఏటయింది?" అని కంగారుపడ్డాడు బాషా.

"నోరు కాలిందండీ" అంది, ఇంకో పకోడీ తీసుకుంటూ.