సరే మాస్టారు చదివిన వ్యాసం

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. కాలేజీలో అది జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి మేడ మీద ప్రిన్సిపాల్ దాకా అందరికీ ఆయన సరే మాస్టారే. పరీక్షల డ్యూటీకి మనిషి తక్కువైతే సరే. సెలవు పెట్టినవాళ్ళ క్లాసులు చెప్పాలంటే సరే. ఎవరి ప్రాజెక్టుకో సంతకం కావాలంటే, కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకుని, ఆఖరికి అదీ సరే. పాపం మంచివాడు అనేవారు అందరూ. ఆ "పాపం" ఎందుకు తగిలిస్తున్నారో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. అంత తీరిక ఉంటేగా!

ఆయన సొంత పని అతుకుల మీద. రెండు లోహపు రేకులను జిగురుతో అతికించి, చెమ్మ నింపిన పెట్టెలో పెట్టి, అవి ఎప్పుడు విడిపోతాయా అని కనిపెట్టుకుని కూర్చోవడం. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని, కణతల దగ్గర జుట్టు నెరిసినా సాగుతూనే ఉంది. ల్యాబులో ఆ పెట్టె పక్కన ఆయన కుర్చీ. కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. పొద్దున్నే వచ్చి అట్టముక్క సరిచేసుకుని కూర్చోగానే నడుము నొప్పి మొదలవుతుంది. సాయంత్రం లేచేసరికి, చేసిన పని ఏమిటో గుర్తుండదు గానీ నొప్పి మాత్రం గుర్తుంటుంది.

ఆయన్ని అందరికంటే ఎక్కువ వాడుకున్నవాడు ఆయన గురువు. పెద్దాయన అంటారు. ఉద్యోగం విరమించాక ఊరుకోకుండా ఒక పరిశోధన పత్రిక పెట్టాడు. అందులో ఇనుము, సిమెంటు, కంప్యూటర్లు, బ్యాటరీలు, వ్యాపారం, మార్కెటింగ్, ఒకటేమిటి, అన్నీ వేస్తాడు. వచ్చిన ప్రతి వ్యాసాన్నీ రాసినవారి పేరు తీసేసి ఇద్దరికి పంపుతాడు. వాళ్ళు చదివి బాగుందనో బాగాలేదనో రాయాలి. మొదటివాడు ఎవరైనా కావచ్చు, రెండోవాడు మాత్రం ఎప్పుడూ సరే మాస్టారే. ఫోను మోగుతుంది.

"ఏమోయ్, ఇంకోటి పంపుతున్నా. కాస్త చూసిపెట్టు."

"సరేనండీ."

దేని గురించి అని కూడా అడగడు. ఒప్పుకున్నట్టు మీట నొక్కేస్తాడు, వ్యాసం వచ్చి పడుతుంది. గడువు దాటితే కంప్యూటరు గుర్తుచేస్తుంది, ఈయన "మరికొంత సమయం కావాలి" అనే మీట నొక్కుతాడు. ఆ మీట కనిపెట్టినవాడికి చేతులెత్తి మొక్కాలని ఆయన అభిప్రాయం.

ఇక ఆయన భార్య. ఊరికి అవతలి కొసన ఒక కాలేజీలో వ్యాపార నిర్వహణ పాఠాలు చెబుతుంది. ఏటా కొనసాగించే ఉద్యోగమే తప్ప పక్కా ఉద్యోగం కాదు. ప్రతి వేసవిలోనూ ఉంటుందో ఊడుతుందో తెలియక ఆవిడకు సరిగ్గా నిద్ర పట్టదు. ఈసారి ఒక పోస్టు ఖాయం చేస్తున్నారు. కమిటీ కూర్చునేలోగా ఒక్క వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నట్టు చూపిస్తే అది ఆవిడదే. చూపించలేకపోతే, కిందటేడాది చేరిన కుర్రాడిదే. మూడేళ్ళుగా బస్సులెక్కి దిగి, చిన్న చిన్న కార్ఖానాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, ఆవిడ ఆ వ్యాసం రాసింది. ఎక్కడికో పంపింది. ఎక్కడికని ఈయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

రోజూ భోజనాల దగ్గర మాత్రం ఒకటే పాట.

"ఒకాయన ఎప్పుడో చదివి పంపేశాడండీ. ఆ రెండోవాడే! గడువు మీద గడువు. ఒళ్ళో పెట్టుకుని జోకొడుతున్నాడేమో నా పేపరుని."

"అలాంటివాళ్ళు ఉంటార్లే."

"వాడికీ ఇంట్లో ఆడవాళ్ళుంటారు కదా, ఆ మాత్రం తెలీదూ? వాడి దుంప తెగ!"

"నిజమే, బొత్తిగా బాధ్యత లేని మనిషి" అనేవాడు సరే మాస్టారు, మజ్జిగ కలుపుకుంటూ. పెళ్ళాం తిడుతున్నప్పుడు తోడు తిట్టడం సంసారానికి మంచిదని ఆయనకు అనుభవం మీద తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన ఫోను చేసి చీవాట్లు పెట్టాడు. "ఇదేమిటోయ్ మరీ ఇంత ఆలస్యమా? అవతల ఎవరో అమ్మాయిట, మెయిలు మీద మెయిలు పెడుతోంది. ఇవాళ తేల్చెయ్." సరే మాస్టారు ఉస్సూరుమంటూ ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. భార్య లోపలి గదిలో నడుం వాల్చింది.

"హెచ్చరిక వచ్చినా ఆగని యంత్రం: చిన్న కార్ఖానాల్లో మరమ్మతు నిర్ణయాలు." అదీ వ్యాసం పేరు. యంత్రానికి ఒక సెన్సరు తగిలిస్తారు. అది అదురును కొలుస్తుంది. యంత్రం పాడవబోతోందని కంప్యూటరు ముందే చెబుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. అయినా యజమానులు యంత్రాన్ని ఆపరు. ఎందుకు ఆపరు అన్నదే ప్రశ్న. ఒక యజమాని చెప్పిన మాట కూడా అందులో ఉంది: "ఆ ఎర్ర దీపం మా ఇంటావిడ లాంటిదండీ. రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. అన్నిటికీ ఆగితే పనెలా జరుగుతుంది?"

సరే మాస్టారుకు నవ్వు రాలేదు. మెడ పట్టేసింది. తలనొప్పి వచ్చేలా ఉంది. త్వరగా వదిలించుకోవాలి. గబగబా కొట్టడం మొదలుపెట్టాడు. "యంత్రాల గురించి రచయితకు ప్రాథమిక అవగాహన లేదు. నాలుగో భాగంలో కొలతలు చాలవు." మనిషి ఎదురుగా ఉంటే నోరు పెగలదు గానీ, పేరు లేని కాగితం దొరికితే ఎంతటి మెతకవాడికైనా కోరలు వస్తాయి. అలసిపోయినవాడికైతే మరీను. సెన్సరు ఫొటో చూసి ఇంకోటి తగిలించాడు: "బొమ్మ శ్రద్ధగా తీయలేదు. వెనక పరిచిన గుడ్డ మాడి ఉంది. శుభ్రమైన బొమ్మ ఇవ్వాలి." అడుగున "తిరస్కరించవచ్చు" అని కొట్టాడు. ఇక పంపడమే తరువాయి. గొంతు ఎండిపోయిందని మంచినీళ్ళకు లేచాడు.

వంటింట్లో బల్ల మీద నీలం గళ్ళ ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద కూజా. కూజా ఎత్తాడు. కింద గోధుమరంగులో సగం చక్రంలా మాడిన మచ్చ.

ఆ మచ్చ పెట్టింది ఆయనే. ఒకసారి పొయ్యి మీది గిన్నె దించుతుంటే పెద్దాయన ఫోను వచ్చింది. "సరేనండీ" అంటూ వేడి గిన్నె అక్కడే దించేశాడు. అప్పటినుంచి ఆవిడ ఆ మచ్చ మీద కూజా పెట్టి కప్పేస్తోంది. ఎప్పుడో ఫొటో తీయడానికి కూజా జరిపి ఉంటుంది.

నీళ్ళు తాగకుండానే వచ్చి ఫొటో మళ్ళీ చూశాడు. అవే గళ్ళు, అదే మచ్చ. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాడు. ఆ కార్ఖానా యజమాని మాట ఒక సాయంత్రం ఆవిడ విరగబడి నవ్వుతూ తనకు చెప్పింది. అప్పుడు తను ఏమన్నాడు? ఏమంటాడు, సరే అన్నాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కొట్టిందంతా చెరిపేశాడు. దాని స్థానంలో "చాలా బాగుంది, అచ్చు వేయవచ్చు" అని రాస్తే? ఎవరికి తెలుస్తుంది? కమిటీ వచ్చే వారమే. ఒక్క మీట నొక్కితే ఆవిడ ఉద్యోగం ఖాయం. తనవల్ల జరిగిన జాప్యానికి అదే ప్రాయశ్చిత్తం అనిపించింది. అదే కొట్టి, వేలు మీట మీద పెట్టాడు కూడా.

"ఏం చేస్తున్నారు?" వెనక నుంచి భార్య గొంతు.

దొరికిపోయినవాడిలా గతుక్కుమన్నాడు. తెర మీద ఆవిడ తీసిన ఫొటో, ఆవిడ గుడ్డ. ఆవిడ ముందుకు వంగి చూసింది.

"ఆ రెండోవాడు మీరా?"

"పెద్దాయన పత్రికకే పంపావని నాకేం తెలుసే! ఒక్కమాట చెప్పుంటే..."

"చెబితే ఆయనకి ఫోన్ చేసి సిఫార్సు చేస్తారని చెప్పలేదు. నా పని నా పనిగానే పోవాలని పుట్టింటి పేరుతో పంపుకున్నా." కుర్చీ లాక్కుని కూలబడింది. "ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని, నాతోపాటు మిమ్మల్ని మీరే తిట్టుకున్నారన్నమాట. బాగుందండీ, చాలా బాగుంది."

నవ్వబోయింది గానీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. సరే మాస్టారు ఆవిడ వైపు తిరిగాడు.

"పోనీ, బాగుందని ఇప్పుడే పంపేస్తా. నీ పని అయిపోతుంది."

"చదివారా?"

"చదివాను... పైపైన."

"పైపైన చదివి బాగుందని రాస్తారా? వద్దండీ. ఇంట్లో మీ సరేలు చాలు. నా పేపరు మీద కూడా అదే ముద్ర వేయకండి. మావాళ్ళేనని ఆయనకు చెప్పి తప్పుకోండి."

"తప్పుకుంటే ఇంకొకళ్ళకి పంపాలి. కమిటీలోపు తేలదు."

"తెలుసు" అంది ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో కోపం కూడా లేదు. ఎండలో నడిచి నడిచి ఆఖరి బస్సు కూడా తప్పినవాళ్ళ ముఖంలా ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆయన పక్కకు తీసిన కూజాను మళ్ళీ మచ్చ మీద పెట్టింది.

ఆయన పెద్దాయనకు ఫోను చేశాడు. సంగతి చెప్పాడు. పెద్దాయన పకపకా నవ్వి, "ఓస్, మన అమ్మాయిదేనటోయ్! ఇంకేం, బాగుందని రాసి పారెయ్, మూడో కంటికి తెలీదు" అన్నాడు. "కుదరదండీ" అన్నాడు సరే మాస్టారు. అవతల నుంచి "ఎవరూ?" అని వినిపించింది. ఆ మాట ఎవరు అన్నారో పెద్దాయనకు అర్థం కానట్టుంది. తనే అన్నానని ఈయనకూ నమ్మకం కుదరలేదు.

వ్యాసం ఇంకెవరికో వెళ్ళింది. కమిటీ కూర్చుంది, లేచింది. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, సంచీ బల్ల మీద పడేసింది.

"ఆ కుర్రాడికే ఇచ్చారు. నాకు మళ్ళీ ఏడాదికే."

సరే మాస్టారు కూజా ఎత్తి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాడు. ఆవిడ మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. ఈ మచ్చ కనపడకపోయుంటే, అది నాదని మీకు తెలిసేదా?"

వ్యాసం పేరు చదవగానే అనుమానం వచ్చిందని చెప్పవచ్చు. ఆవిడ నమ్మినా నమ్మకపోయినా, వదిలేస్తుంది. ఇద్దరికీ ఓపిక లేదు. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది.

"తెలిసేది కాదు" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. కళ్ళు నిండాయి గానీ తుడుచుకోలేదు. ముందుగదిలో ఆయన ఫోను మోగింది. పెద్దాయనే అయి ఉంటాడు. మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ మోగింది. ఆయన కదల్లేదు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"నాలుగో భాగంలో కొలతలు చాలవనిపించింది. ఎందుకు తక్కువ తీశావు?"

"యంత్రాలు చూపించమంటే కొందరు యజమానులు తిట్టి పంపించేశారు. మూడు చోట్ల గేటే తియ్యలేదు." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "మీకు అప్పుడే చెప్పాను."

"మళ్ళీ చెప్పు" అన్నాడు ఆయన.