నూనె కాగితంలో పొట్టి రెక్కలు

వాతం అని చెప్పి ఆ ఇద్దరు ఆడవాళ్లను ఇంటికి పంపించారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పంతొమ్మిది వందల అరవైల్లో నేను బోధన్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గది అటెండర్‌ని. పనిముట్లు ఉడకబెట్టడం, బిగించడం నా పని. కడుపు కోశాక కోతను తెరిచి పట్టే ఉక్కు చట్రం ఒకటుండేది. కోత అంచులను లోపలి నుంచి పక్కకు లాగి పట్టడానికి దానికి రెండు జతల రెక్కలు. పొడుగు జతను అది వచ్చిన రోజే ఎవరో బిగించారు, ఇక అదే ఉండిపోయింది. పొట్టి జత నూనె కాగితం దాటి బయటికి రాలేదు. లావు షావుకారు భార్య అయినా, చెరకు తోటలో ఎండిపోయిన కూలి మనిషైనా అవే రెక్కలు.

గర్భసంచి ఆపరేషన్ అయిన ఇద్దరు బక్క మనుషులు మంచం దిగుతూనే మోకాలు నిలవక కూలబడ్డారు. తొడ మొద్దుబారిందన్నారు. వాతమన్నారు, వెన్నులో వేసిన మత్తు సూది వల్ల అన్నారు. నాది నాలుగో తరగతి చదువు. ఎవరో పారేసిన ఇంగ్లీషు వైద్య పుస్తకంతో, నిఘంటువు పక్కన పెట్టుకుని, నెల రోజులు కుస్తీ పట్టాను. అందులో ఉండనే ఉంది. సన్నటి మనిషిలో పొడుగు రెక్క కొన నడుము లోపలి కండను అదుముతుంది, తొడకు పోయే నరం నలుగుతుంది. పొట్టి రెక్క పెట్టాలి, కింద గుడ్డ మడిచి వేయాలి, మధ్యమధ్య వదులు చేయాలి.

డాక్టరుకు చెప్పాను. "నువ్వు నీళ్లు మరిగించు. పుస్తకాలు నేను చదివిన" అన్నాడు.

తర్వాత మోస్రా నుంచి మా అక్క అదే ఆపరేషన్‌కు వచ్చింది. చెరకులో కలుపు తీసే మనిషి, ఒంటి మీద ఎముకలే.

"నా కాలు పడిపోతే ఇల్లెట్ల నడుస్తదిరా? మీ బావ బీడీ ఆర్పి లేస్తడా?" అంది.

ఆ పొద్దున కాగితం విప్పి, పొట్టి రెక్కలు ఉడకబెట్టి బిగించాను.

"ఇవేంది?" అన్నాడు డాక్టరు.

"మా అక్క సార్. సన్నగుంటది."

ఆయన గుడ్డ మడిచి రెక్క కింద పెట్టాడు. కొన లోపల అదమడం లేదు కదా అని రెక్క వెనక వేలు పోనిచ్చి చూశాడు. మధ్యలో రెండుసార్లు చట్రం మర వదులు చేశాడు. ఎవరూ చెప్పకుండానే. అంటే అన్నీ తెలుసు.

అక్క మూడో రోజు లేచి నిలబడి, చాయ్ చల్లారిందని నన్ను తిట్టింది. నాకు సంతోషం కన్నా మంట ఎక్కువైంది. ఆ ఇద్దరూ ఎవరికీ అక్కలు కారా?

మరుసటి వారం చందూర్ నుంచి ఒక బక్క మనిషి వచ్చింది. పొట్టి రెక్కలే బిగించాను.

"ఈమె?" అన్నాడు డాక్టరు.

"మా అక్కనే సార్."

ఆపై వారం ఇంకొకామె.

"ఎంతమందిరా మీ అక్కలు?"

"సన్నగున్నోళ్లంత సార్."

ఆయన నవ్వలేదు. చేయి చాచి గుడ్డ అడిగాడు.