కోటయ్యకు చదివి వినిపించిన శీర్షిక

ఉదయం పత్రిక విప్పగానే బొటనవేలికి తడి సిరా అంటింది. మొదటి పేజీలో బడ్జెట్ వార్త. పైన చెయ్యంత అక్షరాలు కేకలు వేస్తున్నాయి, కింద అంకెలు మాత్రం నిమ్మళంగా కూర్చున్నాయి. ఆ సిరా వాసనకు రామశేషయ్య గారు గుర్తొచ్చారు. దివిసీమలో వరదొస్తే గేదె వీపునెక్కి హంసలదీవి దాకా వెళ్ళొచ్చానని పదిమందిని నమ్మించినవాణ్ణి నేను. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఇది మాత్రం తీసివేతలు లేకుండా చదవవచ్చు.

బందరులో మా వారపత్రికకు ఆయన సంపాదకులు, నేను కొత్తగా చేరిన ఉపసంపాదకుణ్ణి. యజమాని గుడివాడ వైపు భూస్వామి. సర్కారు నడుపుతున్న పార్టీ అంటే ఆయనకు పడదు. రామశేషయ్య గారికి ఒక అలవాటుండేది. ఏ శీర్షికనైనా అచ్చుకు ముందు, యంత్రం తిప్పే కోటయ్యకు చదివి వినిపించేవారు. కోటయ్యది పెడన, మగ్గం వదిలి వచ్చినవాడు, అక్షరం ముక్క రాదు. అతనికి అర్థమైనది వార్తలో ఉన్నదానితో కలవకపోతే ఆ శీర్షిక చెత్తబుట్టలోకే.

ఆ ఏడు బడ్జెట్‌లో కాలవ నీటి తీరువా తగ్గిస్తారని రైతులంతా ఎదురుచూశారు. తగ్గించలేదు, పాత రేటే ఉంచారు. యజమానికి నచ్చుతుందని నేను "డెల్టా రైతు నెత్తిన పిడుగు" అని రాశాను. యంత్రం తుడుస్తున్న కోటయ్య అది విని ఆగిపోయాడు.

"పెంచేశారాండీ? మొవ్వలో మా బావ మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు. ఈ ఏడు వదిలెయ్యమని కబురంపాలి."

రామశేషయ్య గారు నా వైపు తిరిగారు. "విన్నావుగా. ఆ కౌలు మళ్ళీ నువ్విప్పిస్తావా?"

సిగ్గుపడి "రైతుపై కొత్త భారం లేదు" అని రాసుకొచ్చాను. ఈసారి కోటయ్య మొహం వికసించింది, సర్కారు వారు మంచివాళ్ళేనన్నాడు. దాన్నీ రామశేషయ్య గారు కొట్టేశారు. తగ్గిస్తామని వాళ్ళు ఊరూరా చెప్పిన మాట ఏమైందో అందులో లేదన్నారు. మూడోసారి విసుగొచ్చి, "నీటి తీరువా పెరగలేదు, తగ్గిస్తామన్నవారు తగ్గించలేదు" అని రాసిచ్చాను. అయితే బావను సాగు చేసుకోమంటాను, ఓటడగడానికొస్తే మాత్రం నిలదియ్యమంటాను అన్నాడు కోటయ్య. రామశేషయ్య గారు కాగితం కంపోజింగుకు పంపేశారు.

పత్రిక వెలువడిన మధ్యాహ్నం యజమాని కారు దిగి నేరుగా లోపలికొచ్చి దాన్ని బల్ల మీద పడేశారు.

"ఇది చదివితే ఎవడికి కోపమొస్తుందయ్యా?"

"కోపం సంగతి చదివేవాళ్ళకే వదిలేశానండి," అన్నారు రామశేషయ్య గారు.

"ఈ చప్పిడి మాట రాసిందెవరు? వాడికి ఇక్కడ పనిలేదు."

రామశేషయ్య గారు నా వైపు చూడనైనా చూడలేదు. "నేనేనండి."

వారం తిరక్కుండా ట్రంకుపెట్టె సర్దుకుని గుడివాడ రైలెక్కారు. స్టేషనులో నేనేదో చెప్పబోతే, శీర్షిక బాగా కుదిరిందోయ్ అన్నారు, అంతే. ఆ తరువాత ఎన్నో బడ్జెట్లకు శీర్షికలు పెట్టాను. ప్రతిదాన్నీ ముందు కోటయ్యకూ, అతను మానేశాక మరొకరికీ వినిపించే పెట్టాను. లోకంలో జరగని సంగతులన్నీ నావేనని చెప్పుకు తిరిగాను. జరిగిన ఈ ఒక్కటి నాదని ఆ బల్ల ముందు చెప్పలేకపోయాను. ఆ శీర్షిక రాసింది నేను.