సముద్రం మీద తెల్లమచ్చ కోసం అమలాపురం ప్రయాణం

ముందుగా అక్షర దోషాలకు క్షమించండి. నేను చదివింది ఐదో తరగతి. అమలాపురం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మా ఆడపడుచు లక్ష్మి నా కాగితాలను తన బ్లాగులోకి ఎక్కిస్తోంది. నా చేతిరాత అర్థం కాక మాటిమాటికీ ఫోన్ చేసి అడుగుతోంది, పాపం. ఇలాంటి బ్లాగుల్లో అందరూ ఊళ్ళు చూడడానికి వెళ్ళి వచ్చి రాస్తారు. నేను కోపంతో వెళ్ళాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే రాస్తున్నాను.

మాది అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మా ఆయన, ఆయన అన్నగారు ఒకే పడవ మీద వేటకు వెళ్తారు. మా బావగారి చూపు గొప్పదని ఊరంతా అంటారు. ఇసుక దిబ్బ మీద నిలబడి, నీటి మీద తళుకు చూసి, చేపల గుంపు ఎక్కడుందో చెప్పగలరు. అది నిజమే, నేనూ చూశాను. ఈ ఏప్రిల్లో, వేట నిషేధం ఇంకొద్ది రోజుల్లో మొదలవుతుందనగా, పడవల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉపగ్రహం తీసిన సముద్రం ఫొటో ఒకటి వచ్చింది. నీలం నీటి మధ్య పెద్ద తెల్లమచ్చ. "ఇంత తళుకు నా జన్మలో చూళ్ళేదురా! గుంపంటే ఇదీ!" అన్నారు బావగారు. ఒడ్డు మీద నిలబడి నేర్చుకున్న చదువునే ఆకాశంలోంచి తీసిన ఫొటోకీ వాడేశారు. డీజిలు నింపుకుని అంత దూరమూ పోయారు. వలలో ఏమీ పడలేదు. మళ్ళీ ఫొటో వచ్చింది, మళ్ళీ పోయారు, మళ్ళీ ఖాళీ.

తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని మా ఆయనతో అన్నారు: "పడవ తోసేటప్పుడు ఎదురొచ్చింది ఎవర్రా? నీ పెళ్ళామే కదా. రేపట్నించి రేవులోకి రావద్దని చెప్పు." నేను అక్కడే తలుపు వెనక ఉన్నాను. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుటపడి మాట్లాడదు. ఏదైనా ఉంటే భర్త చేత చెప్పిస్తుంది. మా ఆయన నోరు మెదపలేదు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. నేను నీళ్ళకు వెళ్తే వేటకు బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి, నేను పోయేదాకా ఆగారు. ఇలాగే వదిలేస్తే ఆ పేరు నాతోనే ముసలిదవుతుంది. లక్ష్మికి ఫోన్ చేశాను. "ఏడుపెందుకు వదినా? ఆ ఫొటో పట్టుకుని రా. మా ఫిజిక్స్ మేడం గారిని అడుగుదాం" అంది.

పొద్దున్నే వంట చేసి పెట్టేసి, ఆరింటికి ఇరవై రూపాయల ఆటోలో అంతర్వేది చేరి, రాజోలు బస్సెక్కాను. ఒంటరిగా అంత దూరం వెళ్ళడం అదే మొదలు. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. కండక్టరు కార్డు చూసి, నా మొహం చూసి, "ఆధార్ ఫొటోలో అందరూ కోపంగానే ఉంటారమ్మా. మీరు బయట కూడా అలాగే ఉన్నారేటండీ?" అన్నాడు. నవ్వు రాలేదు. రాజోల్లో దిగి అమలాపురం బస్సు మారాలి. గంట పైన పడుతుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ బాగా కనిపిస్తుంది. ఆ పొద్దు వేళ నీటి మీద ఎండ తళతళలాడుతోంది. బస్సు కదులుతుంటే ఆ తళుకు కూడా మాతోపాటు నీటి మీద జరుగుతూ వచ్చింది. ఏదో పడవ వస్తోందేమో అన్నట్టు చూస్తూ ఉండిపోయాను.

అమలాపురంలో లక్ష్మి ఎదురొచ్చి నన్ను కాలేజీకి తీసుకెళ్ళింది. మేడం గారి పేరు గ్రేస్. ఫొటో చూడగానే, "ఏ టైములో తీసిందమ్మా ఇది?" అని అడిగి, మూలనున్న చిన్న అంకెలు తనే చదువుకున్నారు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"వచ్చేటప్పుడు వంతెన మీద ఎండ మెరుపు చూసేరా?"

"ఆయ్, చూసేనండి. బస్సుతోపాటే వచ్చిందండి."

"ఇదీ అదే. సూర్యుడి వెలుగు అద్దం మీద పడ్డట్టు నీటి మీద పడి, ఉపగ్రహం కంట్లోకి కొట్టింది. సూర్యుడెక్కడున్నాడో, ఉపగ్రహం ఎక్కడినుంచి చూస్తోందో, గాలి ఎంతుందో తెలిస్తే ఈ తెలుపు ఎక్కడ పడుతుందో ముందే లెక్క కట్టెయ్యొచ్చు. గాలి లేకపోతే చిన్నగా, గట్టిగా మెరుస్తుంది. అలలు లేస్తే వెడల్పుగా, పలచగా పరుచుకుంటుంది."

"ముందే తెలుస్తదాండి?"

"ముందే తెలుస్తుంది. ఈ తెలుపున్న చోట సముద్రం గురించి ఏమీ చెప్పలేమని పక్కన పెట్టేస్తారు."

నా సిగ్గంతా ఎక్కడికి పోయిందో తెలియదు. "తెలిసినప్పుడు ఆ ఫొటో మీద ఇది ఎండ అని ఒక్క తెలుగు ముక్క రాయొచ్చు కదండీ! అక్కడ మా ఇంట్లో దానికి నన్ను తిడతన్నారు!" అనేశాను. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. మేడం గారు కుర్చీ కంప్యూటరు వైపు తిప్పుకున్నారు. "రాస్తారమ్మా. ఇంగ్లీషులో, ఇంకో పేజీలో" అన్నారు. తర్వాత కంప్యూటర్లో లెక్క కట్టి, రేపు ఉపగ్రహం వేరే దారిలో వెళ్తుంది కాబట్టి తెలుపు మచిలీపట్నం వైపు జరుగుతుందని, నా ఫోన్లోని ఫొటో మీదే వేలితో ఎర్ర గీత గీసి ఇచ్చారు. కాలేజీ ఎదుట హోటల్లో పనసపొట్టు కూరతో భోజనం వంద రూపాయలు. బాగుందని లక్ష్మి చెప్పింది. నాకు రుచి తెలియలేదు.

ఆ గీతను మా ఆయన ద్వారా అరుగు మీదికి పంపించాను. మర్నాడు మధ్యాహ్నం కొత్త ఫొటో వచ్చింది. తెల్లమచ్చ సరిగ్గా ఆ ఎర్ర గీత మీదే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అరుగు మీద బావగారు తొడ చరిచారు. "చూసేవా! గుంపు అటు జరిగిందిరా! ఆ మేడం గారెవరో గాని గొప్ప మనిషి. చేపలు ఎటు పోతాయో ముందే చెప్పేసేరు! ఎల్లుండి ఎక్కడుంటాయో కూడా అడిగి రమ్మను మీ ఆవిడ్ని."

తలుపు వెనకనుంచి బయటికి వచ్చేశాను. "బావగారూ, అది చేపలూ కాదు, నా ఎదురూ కాదు. ఎండ. ఎండ పడితే నన్నేటండీ అంటారు?"

బావగారు నా వైపు చూడకుండా తువ్వాలు దులుపుకున్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "అన్నయ్యా, అక్కడికి ఇంజను నేను తియ్యను. తీస్తే మన పాత చోటికే." అంతే అన్నాడు. ఆ మాట మొదటి రోజే అని ఉంటే నేను బస్సెక్కే పనే లేదు. మర్నాడు పడవ తోసే వేళకు నేను రేవులోకి వెళ్ళి వాళ్ళకు ఎదురుగానే నిలబడ్డాను. బావగారు చూశారు. పడవ ఆపలేదు. ఆ రోజు కాసిని చేపలతో తిరిగొచ్చారు.

నాది తప్పు కాదని మాత్రం బావగారు ఇంతవరకు అనలేదు. పైనున్న యంత్రానికి తన కళ్ళు ఎప్పుడు చెదురుతాయో ముందే తెలుసట. ఆ సంగతి తెలిసినవాళ్ళకు, నీటి మీదికి పోయే మనుషులకు మధ్య ఒక్క వాక్యమే తక్కువ. ఆ వాక్యం ఎవరూ రాయకపోతే ఖాళీ వల బరువు ఇంట్లో ఆడదాని మీద పడుతుంది. ఇలాంటి ఫొటో మీ ఊళ్ళో తిరిగి, ఎవరినైనా అడగాలని మీరూ బయల్దేరితే ఒక్క సలహా: మీరొక్కరే వెళ్ళకండి. ఎవరు నమ్మాలో వాళ్ళనే బస్సెక్కించండి. మగవాళ్ళకు టికెట్టు పడుతుంది, అయినా ఫరవాలేదు. దీన్ని ఎవరైనా అచ్చు తీసుకుంటే చదివాక పొయ్యిలో పెట్టేయండి. బావగారితో ఎదురుగా ఒక్కసారి మాట్లాడాను. ఇంత పొడుగు మాట్లాడానని తెలిస్తే ఎలా? రేపు ఆయన ఎదుటికెళ్ళి అన్నం వడ్డించాల్సింది నేనే.